ఋషికొండ అలల్లో నర్సక్క

మొన్న గొంతు పట్టేసి, వార్డు పక్కనున్న మా నర్సుల గదిలో ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాను. ఎవరో తలుపు తట్టి "సిస్టర్!" అని గట్టిగా పిలిచేసరికి ఉలిక్కిపడ్డాను. నీళ్లు ఒక్కసారిగా ముక్కులోకి ఎక్కాయి. కళ్ల వెనక దాకా మంట. దగ్గుతూ, ముక్కు చీదుకుంటూ గోడ పట్టుకుని నిలబడితే, జగిత్యాల ఆస్పత్రిలో ఆ సింకు ముందు నాకు నర్సక్క కనపడింది. తడిసిన జుట్టు ముఖానికి అతుక్కుపోయి, కళ్లు చింతనిప్పుల్లా ఎర్రబడి, నడుములోతు సముద్రంలో నిలబడి, "థూ, గింత ఉప్పేందే పద్మా!" అని నా మీద కోప్పడుతున్న నర్సక్క. ఆ సముద్రంలో ఉప్పు నేనే కలిపినట్టు. తలుపు తట్టినావిడ వెంట వార్డులోకి వెళ్లాక కూడా చాలాసేపు ఆ మంట పోలేదు. పోకపోతే బాగుండునని కూడా అనిపించింది.

నర్సక్క, అసలు పేరు నర్సవ్వ, నాకు చుట్టం కాదు. సిరిసిల్లలో లంగాలు కుట్టే షెడ్డు ఒకటి నడిపేది. ఇంటర్ అయిపోయిన ఏడాది నేను అక్కడ మిషను మీద కూర్చున్నాను. మా బాపు వెల్గటూరులో కూలి పని సరిగా దొరక్క సిరిసిల్లకు వచ్చి, ఒక బట్టల గోదాములో మూటలు మోసేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. నర్సక్కది గంభీరావుపేట దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. భర్త గంగారాం పెళ్లయిన కొత్తలోనే మస్కట్ వెళ్లాడు. ఎప్పుడో ఒకసారి వచ్చి, ఇల్లు అలవాటయ్యేలోపే మళ్లీ వెళ్లిపోయేవాడు. పొలం ఆయన అన్న చేతిలో ఉండేది. ఆ ఇంట్లో తనకంటూ చేయడానికి ఏమీ లేదని, బిడ్డను చంకనేసుకుని నర్సక్క సిరిసిల్ల వచ్చింది. ముందు వేరేవాళ్ల దగ్గర కుట్టింది. తర్వాత తనే మిషన్లు వేసుకుంది. నేను చేరేనాటికి ఆ రేకుల షెడ్డు నిండా ఆడవాళ్లే. వీధికి అటువైపు సాంచాలు, అంటే మరమగ్గాలు, పొద్దస్తమానం టకటకమంటుంటే ఇటువైపు మా మిషన్లు. ఆ రెండు చప్పుళ్ల మధ్య మాట వినపడాలంటే అరవాల్సిందే. నర్సక్క మాత్రం అరిచేది కాదు. మిషను దగ్గరికి నడిచొచ్చి, చెవి దగ్గర వంగి చెప్పేది. అరిస్తే అయిదు నిమిషాల్లో మరిచిపోయేవాళ్లమేమో. అలా వంగి చెప్పిన మాట ఇంటిదాకా వెంట వచ్చేది.

చేరిన కొత్తలో నేను ఒక లంగాకు నడుము పట్టీ వంకరగా కుట్టాను. ఆమె దాన్ని నా ఒళ్లో పెట్టి, "గిది ఎవరు కట్టుకుంటరే?" అని అడిగింది.

"తెల్వదక్కా."

"తెల్వనోళ్లు కట్టుకుంటరని వంకర కుట్టినవా?"

నవ్వలేదు, తిట్టలేదు. "ఇప్పు. మళ్ల కుట్టు," అని వెళ్లిపోయింది. మళ్లీ కుడితే మళ్లీ విప్పమంది. నాకు ఏడుపొచ్చింది. అందరూ టీ తాగడానికి లేచినా నేను లేవలేదు. ఆమె కూడా టీకి వెళ్లకుండా నా మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆఖరికి కుట్టు సరిగ్గా వచ్చాక వేలితో ఒకసారి తడిమి, "ఔ," అంది. అంతే. మెచ్చుకోలు అనుకోవాలంటే అదే అనుకోవాలి. ఆ షెడ్డులో ఆడవాళ్లందరం ఆ ఒక్క ముక్క కోసమే కుట్టేవాళ్లం.

ఆమె మొండితనం ఎలాంటిదో చెప్పాలంటే కిటికీల సంగతి చెప్పాలి. ఆ షెడ్డుకు ఒకవైపు కిటికీలుండేవి కానీ, ఇంటి యజమాని వాటికి పలకలు కొట్టి మూసేశాడు. లోపలి నుంచి దూదిపీచు ఎగిరొచ్చి తమ వాకిట్లో పడుతోందని పక్కింటివాళ్లు గొడవపడ్డారట. ఎండాకాలంలో రేకుల కింద, ఆ పీచులో, మాకు ఊపిరాడేది కాదు. నర్సక్క యజమానిని చాలాసార్లు అడిగింది. ఆయన ప్రతిసారీ రేపు రేపు అనేవాడు. ఒకరోజు పొద్దున ఆమె మెయిన్ స్విచ్ దించేసి, "లేవుండ్రి," అంది. అందర్నీ తీసుకెళ్లి ఎదురుగా సాంచాల షెడ్డు గోడ నీడలో కూర్చోబెట్టింది. యజమాని స్కూటరు మీద వచ్చి, "ఏంది నర్సవ్వా గీ లొల్లి?" అన్నాడు. "లొల్లి లేదన్నా. లోపల గాలి లేదు, గాలి ఉన్న కాడ కూసున్నం. నువ్వు కిటికీలు తెరిస్తె లోపలికి పోతం," అంది. గొంతు పెంచలేదు. మధ్యాహ్నానికి ఆయనే సుత్తి పట్టుకుని వచ్చి పలకలు ఊడబీకాడు. ఆమె పక్కింటివాళ్ల వైపు కిటికీలకు సన్నటి జాలీ గుడ్డ తనే కుట్టి కట్టింది. వాళ్ల వాకిట్లో మళ్లీ పీచు పడలేదు.

ఆమెకు ఒక్కతే బిడ్డ, శైలజ. గురుకులంలో చదివింది. అక్కడే ఈత నేర్చుకుంది. పోటీలకు వెళ్లొచ్చేది. తర్వాత వ్యాయామ విద్య చదివి, విశాఖపట్నం వెళ్లి, ఋషికొండ బీచ్‌లో సర్ఫింగ్ నేర్పే ఒక చిన్న బడిలో కొలువు సంపాదించింది. సర్ఫింగ్ అంటే ఏమిటో మా షెడ్డులో ఎవరికీ తెలియదు. "పలక మీద నిలవడి అలల మీద జారుడట," అని నర్సక్క చెప్పేది. చుట్టాలు అడిగితే మాత్రం "ఈత నేర్పే కొలువు" అని ఊరుకునేది. ఆ రెండో మాటే ఎక్కువమందికి చెప్పింది కాబట్టి, అసలు సంగతి బయటపడినరోజు వేడి ఎక్కువగా తగిలింది.

ఆరోజు గంగారాం అన్న రాజేశం బండి మీద షెడ్డుకు వచ్చాడు. మిషన్ల మధ్య నుంచి నేరుగా నర్సక్క దగ్గరికి వెళ్లి ఫోను ముందు పెట్టాడు. ఎవరో బీచ్‌కు వెళ్లినవాళ్లు తీసిన వీడియో. అందులో శైలజ ఒంటికి అతుక్కునే నల్లటి బట్టలు వేసుకుని, నీళ్లలో నిలబడి, బోర్డు మీదున్న ఒక కుర్రవాడి చెయ్యి పట్టుకుని నవ్వుతోంది. కోరుట్లలో శైలజకు ఒక సంబంధం చూస్తున్నారు. ఆ ఇంటివాళ్లకు కూడా ఆ వీడియో చేరిందట.

"గిదేనా ఈత నేర్పుడు?" అన్నాడు రాజేశం. "చుట్టాల గ్రూపుల అందరు చూసిండ్రు. నాకు నెత్తి ఎత్తుకునేటట్టు లేదు. కోరుట్లోళ్లు ఏమంటున్నరో తెలుసా? పిల్ల ఆ కొలువు ఇడిసిపెట్టి ఇంటికొస్తెనే మాట ముందటికి పోతదట. తమ్మునికి ఫోన్ చేసిన. వాడు గూడ తోల్కరమ్మన్నడు. ఇజ్జత్ పోతే మళ్ల రాదు నర్సవ్వా."

మిషన్లన్నీ ఆగిపోయాయి. అందరం వింటున్నామని నర్సక్కకు తెలుసు. ఫోను తీసుకుని వీడియో మొదటి నుంచి చివరి దాకా చూసింది. మళ్లీ ఇంకోసారి చూసింది. తిరిగి ఇచ్చేసి, "పోత బావా," అంది.

"ఎప్పుడు తోల్కస్తవ్?"

"పోత అన్న. తోల్కస్తనా లేదా చూసినంక చెప్త."

ఆయన మమ్మల్నందరినీ ఒకసారి చూసి, కోపంగా బండెక్కి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆమె నా మిషను దగ్గరికి వచ్చి వంగింది. "పద్మా, నాతోని రా. నాకు రైలు సంగతి తెల్వది. మీ బాపుతోని నేను మాట్లాడ్త."

నన్నే ఎందుకు పిలిచిందో అప్పుడు నాకు తెలియలేదు. షెడ్డులో చదువుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. అప్పటికి నాకు హైదరాబాద్‌లో నర్సింగ్ సీటు వచ్చి ఉంది. బాపు "సూద్దాం తీ" అన్నాడు. మా ఇంట్లో "సూద్దాం తీ" అంటే వద్దని అర్థం. నేను ఎదురు చెప్పలేదు. ఏడవలేదు కూడా. మిషను తొక్కుతూ కూర్చున్నాను. చేరాల్సిన గడువు దగ్గరపడుతోంది. ఈ మాట ఒకసారి తోటి అమ్మాయితో అంటుండగా నర్సక్క విన్నట్టుంది.

నర్సక్క వచ్చి అడిగితే బాపు కాదనలేకపోయాడు. అమ్మ ప్రార్థన చేసి, నుదుటిమీద చెయ్యి పెట్టి పంపించింది. సిరిసిల్ల నుంచి కరీంనగర్, అక్కడి నుంచి వరంగల్ బస్సులో, ఆపైన రైల్లో. నర్సక్క జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం గుడ్డలో మూట కట్టింది. దారి పొడవునా ఆమె బిడ్డ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. నేనే ఉండబట్టలేక, "అక్కా, కొలువు ఇడిసిపెట్టుమంటవా?" అని అడిగాను. ఆమె కిటికీలోంచి చూస్తూ, "బుగులైతుంది పద్మా," అంది. నర్సక్క నోట భయమనే మాట వినడం అదే మొదలు. "వాళ్లు అన్నది నిజమైతె ఒక బుగులు. అబద్ధమైతె ఇంకో బుగులు. అబద్ధమని తెలిసినంక ఊకోలేను గదా."

విశాఖలో దిగి, ఆటోలో ఋషికొండ చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. ఆదివారం. రోడ్డు పొడవునా కార్లు, బస్సులు, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లు, టోపీలు అమ్మేవాళ్లు. మెట్లు దిగి ఇసుకలోకి వచ్చాక ఇద్దరం తొలిసారి సముద్రం చూశాం. నేను అక్కడే ఆగిపోయాను. గోదావరిని వరదలో చూసినదాన్నే కానీ, నీళ్లు ఇలా మన మీదికి నడిచొస్తాయని నాకు తెలియదు. నర్సక్క చెప్పులు చేతిలో పట్టుకుని, ఆ నీళ్లను ఒక్క చూపు చూసి, వెంటనే మనుషుల్లోకి కళ్లు తిప్పింది. ఆమె వెతుకుతున్నది బిడ్డను.

ఒక చివర తాటాకుల పందిరి కింద పొడవాటి బోర్డులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. శైలజ అక్కడే ఉంది. నేను పిలవబోతే నర్సక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. పొత్తులు కాల్చే ఒకావిడ గొడుగు పక్కన, ఇసుకలో కొంగు పరుచుకుని కూర్చుంది. "దాన్ని పని చేసుకోనీ. చూద్దాం," అంది. మేమక్కడ కూర్చున్నట్టు శైలజకు తెలియదు.

ఆ మధ్యాహ్నం దాకా చూశాం. శైలజ ఎండకు నల్లబడింది, సన్నబడింది. నేర్చుకునేవాళ్లను ముందు ఇసుకలోనే బోర్డు మీద బోర్లా పడుకోబెట్టి, లేచి నిలబడటం చూపిస్తుంది. తర్వాత నీళ్లలోకి తీసుకెళ్లి, వెనక నుంచి అల వస్తుంటే బోర్డును తోసి, "లే!" అని అరుస్తుంది. వాళ్లు పడతారు. చెయ్యిచ్చి లేపుతుంది. కుర్రవాళ్లు, పెళ్లయినవాళ్లు, పొట్ట వచ్చిన పెద్దమనుషులు, చిన్న ఆడపిల్లలు, అందరికీ ఒకేలా చెయ్యిస్తుంది. ఎవరైనా నిలబడితే వాళ్లకంటే ముందు తనే నవ్వుతుంది. వీడియోలో మేం చూసింది ఆ నవ్వే. నర్సక్క చూపు తిప్పకుండానే, "ఒక్కొక్కన్నీ అదే తీరుగ లేపుతుంది," అంది. నాతో అన్నట్టు లేదు.

అలలు పెరిగాయి. శైలజ నేర్చుకునేవాళ్లను బయటికి రప్పించి, ఎర్రజెండా పాతింది. అప్పుడే ఒక లావుపాటి మనిషి, తాగి ఉన్నాడని నడకలోనే తెలుస్తోంది, జెండా దాటి నీళ్లలోకి నడవబోయాడు. శైలజ విజిల్ ఊది ఎదురుగా వెళ్లి నిలబడింది. గాలికి మాటలు మా దాకా వచ్చాయి.

"సార్, ఇటు పోవద్దు. నీళ్లు లోపలికి గుంజుతున్నాయి."

"నువ్వెవతివే నాకు చెప్పడానికి?"

"ఇక్కడ కాపలా నాది సార్. వెనక్కి పదండి."

అతను తోసేశాడు. శైలజ తూలింది, పడలేదు, మళ్లీ అక్కడికే వచ్చి నిలబడింది. నర్సక్క ఇసుకలోంచి సగం లేచింది. నేనూ లేచాను. ఆమె ఏమనుకుందో, మళ్లీ కూర్చుని నన్ను కూడా కిందికి లాగింది. పిడికిట్లో నా చున్నీ నలిగిపోయింది. శైలజ అరవలేదు. తోసిన చేతిని తోయలేదు. దారికి అడ్డంగా నిలబడి విజిల్ ఊదుతూనే ఉంది. ఆఖరికి అతని ఇంటివాళ్లే పరుగెత్తుకొచ్చి, తిట్టుకుంటూ లాక్కెళ్లారు. అప్పుడు నర్సక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆమె కళ్లలో నీళ్లు చూడటం కూడా నాకు అదే మొదలు.

తర్వాత శైలజ మమ్మల్ని చూసింది. పరుగెత్తుకొచ్చింది కానీ, దగ్గరికి రాగానే ముఖం వాడిపోయింది. "అమ్మా... నన్ను తోల్కపోనీకి అచ్చినవా?" అంది.

"ఆకలైతుంది. ముందుగాల తిందాం," అంది నర్సక్క.

పందిరి నీడలో ముగ్గురం రొట్టెలు తిన్నాం. శైలజ రొట్టెను చిన్న చిన్న ముక్కలుగా తుంచుకుని నెమ్మదిగా తింది. తిన్నాక నర్సక్క చేతులు కడుక్కుని, బిడ్డ ఎదురుగా కూర్చుంది. వీడియో గురించి చెప్పింది, కోరుట్లవాళ్లు పెట్టిన షరతు చెప్పింది, తండ్రి మాట చెప్పింది. దేన్నీ తగ్గించలేదు, పెంచలేదు. చెప్పి, "గిది వాళ్లందరి మాట. నీకేం గావాలె? నువ్వు చెప్పు," అంది.

శైలజ వేలితో ఇసుక గీకడం మొదలుపెట్టింది. "అల్కగ ఏం లేదమ్మా," అంది ఇసుకలోకే చూస్తూ. "ఎండకు తోలు ఊడుతది. చెవులల్ల నీళ్లు పోయి నొస్తది. ఒక్కదాన్నే ఉంటె కొన్నిసార్లు ఏడుపొస్తది. నన్ను చూసి ఏదేదో అనేటోళ్లున్నరు. అయినా పొద్దుగాల నీళ్లల్ల దిగితె నాకు ఇంకేం యాదికి రాదు. నిన్నటిదాంక నీళ్లంటె భయపడ్డ పిల్ల ఇయ్యాల నిలవడితె, నేనే నిలవడ్డట్టైతది. నేను ఈడనె ఉంట. లగ్గం ఒద్దంటలేను. గీ పని ఇడిసిపెట్టుమనేటోడు మాత్రం ఒద్దు."

"మంచిగ ఆలోచన చేసినవా? సోంచాయించినవా?"

"సోంచాయించిన."

"ఔ," అంది నర్సక్క. నడుము పట్టీ కుట్టును వేలితో తడిమి అన్నట్టే అంది. కాసేపు సముద్రం వైపు చూసి, "రేపు పొద్దుగాల నన్ను ఆ పలక ఎక్కియ్యి," అంది.

మేమిద్దరం నవ్వాం. ఆమె నవ్వలేదు. "నవ్వుతరెందుకు? రేపు అందరు నన్ను అడుగుతరు, నీ బిడ్డ చేసేదేంది అని. నాకు తెల్వకుంట ఏం చెప్పాలె?"

మర్నాడు సోమవారం, జనం లేరు. నర్సక్క జీవితంలో మొదటిసారి చీర మానేసి, బిడ్డ ట్రాక్ ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని బయటికొచ్చింది. సిగ్గుతో రెండు చేతులూ ఎదకు అడ్డం పెట్టుకుని గబగబా నడిచి నీళ్లలో దిగిపోయింది. నన్ను కూడా దింపారు. మొదటి అలకే నేను తలకిందులయ్యాను. ముక్కులోంచి నెత్తిదాకా ఉప్పు. లేచి చూస్తే నర్సక్క కూడా నాలాగే దగ్గుతోంది. ఉప్పు గురించి నన్ను తిట్టింది అప్పుడే. నేను ఇంక నావల్ల కాదని ఒడ్డుకొచ్చేశాను. ఆమె రాలేదు. బోర్డు మీద బోర్లా పడుకుంటుంది, శైలజ తోస్తుంది, అల లేపుతుంది, పక్కకు దొర్లిపోతుంది. శైలజ చెయ్యిస్తుంది. "చాలమ్మా," అంటుంది. "తొయ్యి," అంటుంది నర్సక్క. కాలికి కట్టిన తాడు చుట్టుకుంటే విప్పుకుని మళ్లీ ఎక్కుతుంది. మోచేయి గీసుకుపోయింది. "తొయ్యవే!" ఆ పొద్దున నేను విన్నదంతా ఆ ఒక్క మాటే.

ఆఖరికి ఒక అల మంచిగా దొరికింది. నర్సక్క లేచి నిలబడలేదు. నిలబడటం ఆమెకు రాలేదు. మోకాళ్ల మీద లేచి, రెండు చేతులతో బోర్డు అంచులు పట్టుకుని, నోరు గట్టిగా బిగించి, కళ్లు ఇంత పెద్దవి చేసుకుని, తెల్లటి నురగలో నేరుగా ఒడ్డు దాకా వచ్చేసింది. వెనక నీళ్లలో శైలజ రెండు చేతులూ పైకెత్తి అరుస్తోంది. నేను ఫోనులో వీడియో తీస్తూ ఎగురుతున్నాను. బోర్డు ఇసుకకు తగిలి ఆగితే నర్సక్క మెల్లగా కిందికి దిగి, "నిలవడలే గని ఒడ్డుకైతె అచ్చిన," అంది. ఆయాసం తీరాక నా దగ్గరికొచ్చి, "తీసినవా? నా ఫోన్ల ఎయ్యి. చుట్టాల గ్రూపుల పెట్టు," అంది.

"అక్కా, నిజంగనేనా?"

"పెట్టు. కింద గిట్ల రాయి. బిడ్డను చూసి మస్తు మాట్లాడిండ్రు, ఇప్పుడు తల్లిని గూడ చూడుండ్రి."

రాసి పెట్టాను. తర్వాత మస్కట్ నుంచి ఫోను మోగింది. నర్సక్క స్పీకరులో పెట్టింది. గంగారాం అరుస్తున్నాడు. పరువు తీశావన్నాడు, పిచ్చి పట్టిందా అన్నాడు. ఆమె అంతా విని, "ఒర్రకు. నా మాట ఇను," అంది. "నువ్వు ఎడారిల ఎండకు పనిచేస్తివి, నేను ఏనాడన్న ఒద్దన్ననా? నీ బిడ్డ నీళ్లల్ల పని చేస్తుంది. మనుషులు మునగకుంట చూస్తది. నేను కండ్లార చూసిన. నేను దాన్ని తోల్కస్తలేను." ఫోను కట్ చేశాడనుకున్నాం. తర్వాత మెత్తబడిన గొంతుతో, "మోచేతికి దెబ్బ తాకిందా?" అని అడిగాడు గంగారాం. వీడియోలో అది కూడా చూశాడన్నమాట. అంతసేపు బిగబట్టుకున్న నర్సక్క అప్పుడు భోరుమని ఏడ్చింది.

తిరిగొచ్చాక అంతా సాఫీగా జరగలేదు. కోరుట్ల సంబంధం పోయింది. రాజేశం మాట్లాడటం మానేశాడు. ఆయన ఇంట్లో పెళ్లికి అందరికీ పిలుపు వెళ్లింది, నర్సక్కకు రాలేదు. పక్కవీధి ఆడవాళ్లు ఆమెను చూసి నవ్వుకునేవాళ్లు. కొన్నాళ్లపాటు ఆమె భోజనం సగంలో ఆపేసి, గిన్నె మూసి పక్కన పెట్టడం నేను చూశాను. బాధపడలేదని చెబితే అబద్ధం. వెనక్కి మాత్రం తగ్గలేదు. ఎవరడిగినా అందరి ముందే, "నా బిడ్డ సముద్రంల సర్ఫింగ్ నేర్పుతది," అని పూర్తి పేరుతో చెప్పేది. ఈత నేర్పే కొలువు అనడం మానేసింది.

నా సంగతి ఆమె తిరుగు ప్రయాణంలోనే ఎత్తింది. ఇంటికి పోయేముందు రాజన్నకు దండం పెట్టుకుంటానంటే వేములవాడలో దిగాం. దర్శనమయ్యాక, గుండు చేయించుకున్న యాత్రికులతో కిక్కిరిసిన బస్టాండులో నిలబడి, "నర్సు సదువు సంగతి ఏమైందే?" అంది. "బాపు ఒద్దన్నడు," అన్నాను. "నువ్వేమన్నవ్?" అంది. నేను బాపుతో ఏమీ అని ఉండలేదు. అనాలని కూడా నాకు తోచలేదు. ఆమె బస్సు ఎక్కింది.

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చింది. బాపు అప్పుడే గోదాము నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆమె గడప దగ్గర కూర్చుని సూటిగా అడిగింది. బాపు మంచివాడు. ఆయనది పంతం కాదు, భయం. "ఆడివిల్ల. పట్నంల ఒక్కతే ఎట్ల ఉంటది నర్సక్కా?" అన్నాడు.

"నన్ను అడిగితె నాకేం తెలుస్తది తమ్మీ? ఉండేది అది. దాన్ని అడుగు. ఏనాడన్న అడిగినవా?"

బాపు నావైపు తిరిగాడు. అమ్మ బీడీల చేట పక్కన పెట్టింది. నర్సక్క నా తరఫున చెబుతుందని ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడకుండా వాకిట్లోకి చూస్తూ కూర్చుంది. ఆమె నోరు విప్పదని అర్థమయ్యాక, "పోత బాపు. నాకు పోవాల్నని ఉంది. ఉండగల్గుత," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. బాపు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు. "ముందుగాలనే చెప్పద్దా బిడ్డా," అన్నాడు. గడువు దాటకుండా ఆయనే నన్ను హైదరాబాద్ తీసుకెళ్లి చేర్పించాడు.

గంగారాం తర్వాత పూర్తిగా తిరిగొచ్చేశాడు. ఒకసారి ఋషికొండ వెళ్లి, ఇసుకలో కూర్చుని బిడ్డను రోజంతా చూసి వచ్చాడట. ఏమనుకున్నాడో ఎవరికీ చెప్పలేదు కానీ, ఆ ఏడే ఇంట్లో గోడకు శైలజ బోర్డు మీద నిలబడిన ఫొటో తనే మేకు కొట్టి తగిలించాడు. శైలజ ఇప్పటికీ అక్కడే ఉంది. పెళ్లి చేసుకుంది, తన ఇష్టంతోనే. నర్సక్క రెండేళ్ల కిందట గుండె జబ్బుతో పోయింది. చివరి రోజుల్లో మా ఆస్పత్రిలోనే ఉంది. రాజేశం చూడటానికి వచ్చాడు. అన్నేళ్ల తర్వాత మనిషి కనపడగానే ఆమె మంచం అంచున చోటు చూపించింది. ఆయన కూర్చున్నాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ రాత్రి అక్కడే ఉండిపోయాడు. పొద్దున డాక్టరు వచ్చి ఎలా ఉందని అడిగితే, రాజేశమే ఆత్రంగా "రాత్రంత నిద్ర లేదు సార్, ఆయాసం..." అని మొదలుపెట్టాడు. నర్సక్క ఆయన చేతిమీద తట్టి, "బావా, నాకు నోరుంది," అంది. ఆయాసపడుతూనే, ఆగి ఆగి, తన సంగతి తనే మొత్తం చెప్పుకుంది. రాజేశం తల ఊపుతూ విన్నాడు.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది ధైర్యం అని చాలామంది అంటారు. ధైర్యం నాకు అంతగా అబ్బలేదు. ఈనాటికీ నేను నీళ్లంటే భయపడతాను. నాకు అబ్బింది వేరే. మా వార్డుకు ధర్మపురి వైపు నుంచి, మెట్‌పల్లి వైపు నుంచి ఆడవాళ్లు వస్తారు. ఎక్కడ నొప్పి అని అడిగితే అత్త చెబుతుంది. ఎప్పటి నుంచి అంటే మొగుడు చెబుతాడు. ఆపరేషన్‌కు ఒప్పుకుంటారా అంటే అన్న చెబుతాడు. కొత్తలో నేను కూడా వాళ్లు చెప్పిందే రాసుకునేదాన్ని. పని తొందరగా అయ్యేది. ఇప్పుడు అలా రాయను. మొన్న గొంతు నొప్పి పూట తలుపు తట్టింది కూడా ఒక అత్తగారే. కోడలిని మంచమ్మీద పడుకోబెట్టి, ఆమె కడుపునొప్పి గురించి నాకు గడగడా చెప్పడం మొదలుపెట్టింది. "జర ఆగు పెద్దమ్మా, ఆమెను చెప్పనీ," అన్నాను. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. ఆ అమ్మాయి అత్త వైపు చూసింది, తలుపు దగ్గరున్న మొగుడి వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. వార్డులో పని చాలా ఉంది. అయినా కదలకుండా కూర్చున్నాను. కాసేపటికి ఆ అమ్మాయి గుప్పిట్లో నలుపుతున్న చీర కొంగు వదిలేసి, గొంతు సవరించుకుంది.